ఎవేలియో మిషన్ మీద రెండు అర్జీలు

ఎవేలియో వేళ్లు టైపు మిషన్లోకి కాగితం ఎక్కిస్తున్నాయి. కొలంబియాలోని బొగోటా కోర్టు ముందు, గొడుగు కింద, ముప్పై ఏళ్లుగా జనం అర్జీలు టైపు కొట్టడమే అతని పని. బస్సు డ్రైవరు విల్మర్ తన మీద మాజీ భార్య నీడియా పెట్టిన ఫిర్యాదు నకలు చాపాడు. ఆమె దరిదాపులకు అతను పోరాదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది దాన్ని చూసే. "తొమ్మిదో తారీఖున ఆమెను కొట్టానట, ఎవేలియో గారూ! ఆ రోజంతా తూంహా ఊరికి బస్సు నడిపా. ఇప్పుడే పోయి నిలదీస్తా!"

"ఆ గడప తొక్కితే నిజంగానే నేరస్తుడివవుతావు, మొద్దూ! ట్రిప్పు షీటు ఇలా ఇవ్వు." ఎవేలియో ఫిర్యాదు అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. స్పానిష్ ఎన్యే అక్షరం నెత్తిన గీత ప్రతిచోటా సగమే పడింది. అలా కొట్టేది తన మిషన్ ఒక్కటే. "ఇది... నేనే కొట్టానయ్యా. ఆమె ఏడుస్తూ చెప్పింది." విల్మర్ ట్రిప్పు షీటు తీసి మిషన్ పక్కన పెట్టాడు. "అయితే నాదీ అంతే బాగా కొట్టండి," అన్నాడు. ఎవేలియో తేదీ, బస్సు నంబరు, సాక్షిగా కండక్టరు పేరు కొట్టి, గురువారం విచారణకు ఉచిత లాయరుతో వెళ్లమని చెప్పి, అర్జీ మూడు ప్రతులు అతని చేతిలో పెట్టాడు.