లత వీధి చీనా బడిలో నేనడిగిన ప్రశ్నలు

ముప్పై మంది పిల్లలు, పది ప్రశ్నలు, ఒక్క తప్పు లేదు. రంగూన్ లత వీధిలోని చీనా బడిలో ఇంగ్లీషు పంతులుగా చేరిన మొదటి వారంలోనే ఇలా జరిగింది. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం పట్టుకుంది.

అవి పందొమ్మిది వందల ఇరవైల నడిమి సంవత్సరాలు. మా అయ్య రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన వాళ్ళం. నదికి అవతల దలాలో మా కాపురం. నేను మిషను బడిలో చదివి హైస్కూలు పరీక్ష గట్టెక్కాను. చీనా బడి పెద్దలు తమ పిల్లలకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం నేర్పే మనిషి కోసం చూస్తున్నారని తెలిసి వెళ్ళి అడిగాను. పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళు. సొంత భాషలో బాగా చదువుకున్నవాళ్ళే. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. మా ఇరువైపుల వాళ్ళకూ వచ్చింది బజారు బర్మీసు ఒక్కటే. నన్ను ‘సయా’ అని పిలిచేవాళ్ళు. బర్మీసులో గురువుగారిని అలాగే అంటారు.

నేను బోర్డు మీద ఒక చిన్న కథ రాసేవాణ్ణి. వాళ్ళు చదివి, కింద ఉన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసేవాళ్ళు. అన్నీ సరైనవే. ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారేమోనని బల్లలు దూరం జరిపించాను. అయినా అన్నీ సరైనవే. వరసల మధ్య పిల్లిలా తిరిగాను. ఎవరూ పక్కకు కూడా చూడటం లేదు.

ఒకరోజు ఇంటికి నది దాటే ఫెర్రీలో కూర్చుని కొన్ని దొంగ మాటలు పుట్టించాను. మిబ్బర్, గోర్ప్, ట్రావెన్. ఇవి ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ ఉండవు. ‘మిబ్బర్ తన గోర్పును ట్రావెన్ కింద దాచింది’ అన్న ధోరణిలో అయిదు వాక్యాలు బోర్డు మీద రాసి, గోర్పును ఎక్కడ దాచింది అని అడిగాను. ముప్పై మందీ తడుముకోకుండా ‘ట్రావెన్ కింద’ అని రాశారు.

అప్పుడు బోధపడింది. వాళ్ళు కాపీ కొట్టడం లేదు, చదవడమూ లేదు. ప్రశ్నలోని మాటను బోర్డు మీద వెతికి పట్టుకుని, దాని పక్కనున్నది దించేస్తున్నారు. మిబ్బర్ అంటే ఏమిటని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. అలాంటి మాటే లేదని చెప్పేసరికి ముందు బల్ల మీది ఒక అమ్మాయి మాత్రం నా ముఖంలోకి కోపంగా చూసింది.

“సయా, మమ్మల్ని మోసం చేశారు,” అంది బర్మీసులో.

ఆ గదిలో ఇంకొక మనిషి కూడా ఉండేవాడు. యాభై ఏళ్ళుంటాయి. నీలం రంగు పొడుగు చొక్కా వేసుకుని రోజూ వెనక బల్ల మీద కూర్చునేవాడు. నోరు విప్పేవాడు కాదు. చేతిలో చిన్న పుస్తకం. నేను మాట్లాడినప్పుడల్లా అందులో ఏదో రాసుకునేవాడు. ఎవరని అడిగితే హెడ్మాస్టరు, “బడి మనిషే, పట్టించుకోకండి,” అని మాట తప్పించాడు. అదీగాక, కథలు రాసుకుని నా బల్ల సొరుగులో పెట్టుకున్న చిత్తు కాగితాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

ఇంట్లో చెప్పాను. మా అయ్య చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

“ఏటిరా, నీ కాయితాలు ఆళ్ళకేటి పని? సీనా దేశం గొడవలకి సందాలు పోగేత్తన్నారని ఆ బడి పెద్దలమీద పోలీసోళ్ళు కన్నేసినారని రేవంతా సెప్పుకుంటన్నారు. ఆళ్ళు నిన్ను నమ్మరు, నువ్వు ఆళ్ళని నమ్మకు. పాటం సెప్పు, ఇంటికొచ్చేయి. అంతే.”

ఆ మాట నా బుర్రలో దూరింది. అప్పటి నుంచి వెనక బల్ల మనిషి పెన్సిలు కదిలినప్పుడల్లా నా మాట తడబడేది.

పాఠం పద్ధతి మాత్రం మార్చాను. కథ చదివాక బోర్డు తుడిచేసేవాణ్ణి. పిల్లలు ఒకరికొకరు తమ భాషలో ఆ కథ చెప్పుకోవాలి. కోపంగా చూసిన ఆ అమ్మాయికి బర్మీసు బాగా వచ్చు. ఎవరేం చెప్పారో ఆమె నాకు చెప్పాలి. ఇక్కడా నా అనుమానం నన్ను వదల్లేదు. ఒకరోజు ముసలాయన గొడుగు కథ చెబుతూ ఒక కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చాలాసేపు మాట్లాడాడు. గదంతా నవ్వింది. ఆమె మాత్రం, “ముసలాయన గొడుగు పోయింది అంటున్నాడు,” అని ఊరుకుంది.

“అంతేనా? ఎందుకు నవ్వారు?”

“ముసలాయన మీలా నడుస్తాడని చెప్పాడు సయా. అది కథలో లేదు కదా, అందుకని చెప్పలేదు.”

నా చెవులు వేడెక్కాయి. కానీ కథలో ఉన్నదీ లేనిదీ విడదీసి ఆమె చేసినదే నేను వాళ్ళకు నేర్పాలనుకుంటున్న పని అని ఆ క్షణంలో తట్టలేదు.

తట్టి ఉంటే తర్వాతి కథ రాసేవాణ్ణి కాదు. నేరుగా జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఇవ్వాలనిపించింది. నిజం చెప్పాలంటే వెనక బల్ల మనిషి ముఖం ఎలా మారుతుందో చూడాలనీ అనిపించింది. బోర్డు మీద ఇలా రాశాను: ఒక మనిషి రోజూ ఒక ఇంటి ఎదురుగా వచ్చి నిలబడతాడు. ఎవరితోనూ మాట్లాడడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోతాడు. అతను ఎవరు? ఎందుకు వస్తున్నాడు?

వెనక బల్ల మనిషి ముఖం మారలేదు. వంగి రాసుకున్నాడు. పిల్లలు మాత్రం ఎప్పుడూ లేనంత సేపు రాశారు. ఆ కాగితాలు దిద్దడానికి సంచిలో వేసుకుని ఫెర్రీ ఎక్కాను.

మర్నాడు బడి గుమ్మంలోనే హెడ్మాస్టరు నన్ను ఆపి తన గదికి తీసుకెళ్ళాడు. నీలం చొక్కా మనిషి అప్పటికే అక్కడున్నాడు. హెడ్మాస్టరు తలుపు వేసి ఇంగ్లీషులో అడిగాడు.

“నిన్న మా పిల్లల కాగితాలు నది దాటాయి. ఎవరి దగ్గరికి?”

“మా ఇంటికి. దిద్దడానికి.”

“ఎవరు చూశారు?”

“మా అమ్మ చూసింది. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు.”

సంచిలోంచి కాగితాలు తీయించి ఒకటి పైకి చదివాడు. ‘ఇతను పోలీసు మనిషి. మా బాబాయి ఇంటికి ఎవరెవరు వస్తున్నారో రాసుకుంటాడు.’ ఇంకొకటి చదివాడు. ‘మా దుకాణం ఎదురుగా కూడా ఇలాంటి వాడున్నాడు. మా నాన్న అతన్ని చూసి కాగితాలు దాస్తాడు.’

“ఇలాంటి జవాబులు మీకెందుకు కావాలి?”

రాత్రి నేనవి చదివి తప్పులు దిద్దానే గాని, అవి ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించలేదు. “అది నేను అల్లిన కథ,” అన్నాను.

“ఎవర్ని చూసి అల్లారు?”

చెప్పక తప్పలేదు. “ఈయన్ని చూసి.”

హెడ్మాస్టరు ఆ మాట చీనాలో చెప్పాడు. ఆ మనిషి చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద తెరిచి పెట్టాడు. నేను బోర్డు మీద రాసిన ప్రతి కథా అందులో ఉంది. ఒక్కో ఇంగ్లీషు మాట పక్కనా చీనా అక్షరాలు. మాయమైన నా చిత్తు కాగితాలు మడతపెట్టి అట్ట లోపల దాచి ఉన్నాయి. చివరి పేజీలో నిన్నటి ప్రశ్నలకు జవాబు వంకర టింకర ఇంగ్లీషులో ఉంది. ‘అతను నిలబడ్డాడు. అతను రాశాడు. ఎందుకో ఇక్కడ చెప్పలేదు.’

ఆయన బర్మీసులో నాతో మొదటిసారి మాట్లాడాడు. “మీ మీద కన్నేసి ఉంచమన్నారు. మొదటి నెల అదే చేశాను. తర్వాత పాఠం వింటున్నాను. కాగితాలు అడగడానికి సిగ్గేసింది.”

హెడ్మాస్టరు కిటికీ వైపు చూస్తూ, “కూర్చోబెట్టింది నేనే,” అన్నాడు. క్షమించమనలేదు. నేనూ అనలేదు. జవాబుల కాగితాలు ఇక ముందు బడి గడప దాటకూడదని మాత్రం షరతు పెట్టాడు. ఆ ముప్పై కాగితాలూ నా కళ్ళ ముందే వంటింటి పొయ్యిలో వేయించాడు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆ రోజు బోర్డు మధ్యన నిలువుగా గీత గీశాను. ఒక పక్క నిన్నటి కథ చెప్పింది, మరో పక్క మనం తెచ్చి కలిపింది రాశాను.

“మరి పోలీసు అని రాస్తే తప్పా సయా?” అంది ఆ అమ్మాయి.

“తప్పు కాదు. కానీ ఏ మాట చూసి అలా అనుకున్నావో చూపించు.”

ఆమె లేచి బోర్డు దగ్గరకొచ్చి ‘పుస్తకం’ అన్న మాట మీద వేలు పెట్టింది. పుస్తకం పట్టుకున్నవాళ్ళందరూ పోలీసులేనా అని అడిగాను. నీలం చొక్కా మనిషి పకపకా నవ్వేశాడు. ఆయన నవ్వు వినడం పిల్లలకూ అదే మొదటిసారేమో, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఏడాది చివర చదువుల శాఖ నుంచి ఒక దొర బడి చూడటానికి వచ్చాడు. పిల్లల జవాబులు విని, బట్టీ పట్టించారని అనుమానించాడు. తన సంచిలోని వార్తాపత్రిక తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. కలప గిడ్డంగి ఒకటి కాలిపోయిన వార్త. ఆమె నిదానంగా రెండుసార్లు చదివింది.

“ఎవరు తగలబెట్టారు?” అన్నాడు దొర.

“ఎవరో తగలబెట్టారని ఇందులో లేదండి. కాలిపోయిందని ఉంది.”

“నువ్వేమనుకుంటున్నావు?”

ఆమె పత్రిక మడిచి తిరిగి ఇచ్చింది. “నాకు తెలిసింది ఈ నాలుగు వాక్యాలేనండి. వీటితో ఏమీ అనుకోలేను.”

దొర ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. అతను చదువు పరీక్షించాడో, లేక పిల్ల నోటి నుంచి ఏదైనా మాట రాబట్టాలనుకున్నాడో మాకు అర్థం కాలేదు. సాయంత్రం హెడ్మాస్టరు నా అభిప్రాయం అడిగాడు. తెలియదన్నాను. ఇద్దరికీ టీ తెప్పించి, ఆ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చాలాసేపు మాట్లాడుకున్నాం. నా ముందు తలుపు తెరిచి ఉంచి ఆయన అలా మాట్లాడటం అదే మొదలు.

ఆ బడిలో ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ఆ అమ్మాయి చదువు ముగించి, అక్కడే చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పడానికి కుదిరింది.