మా బావ పట్టిన తాడు

మా అమ్మాయిని చెంచు పెద్దగా ఎన్నుకున్నారు! ఆదోని కొండ కింద మా కాలనీ అంతా ఒక్క మాట మీద నిలబడింది. సంతోషం పట్టలేక రాస్తున్నాను, ఏడుస్తూ కూడా రాస్తున్నాను. ఎందుకంటే ఆ పెద్దరికం మొన్నటిదాకా మా బావది, నా భార్యకు స్వయానా అన్న. జ్వరం వచ్చి పోయాడు.

ముందు నా కోపం చెప్పుకోనివ్వండి. బతికున్నప్పుడు ఆయన మా కాలనీ పని మీద ఆఫీసులకు, నాయకుల ఇళ్ళకు పోతే, "చెంచులు నల్లమలలో ఉంటారు గానీ ఆదోనిలో యాడుంటారప్పా?" అని నవ్వి గుమ్మం బయటే నిలబెట్టారు. కుర్చీ వేసిన మారాజు ఒక్కడూ లేడు. పోయాక మాత్రం రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు! అందులో ఆయన బొమ్మ కన్నా వాళ్ళ బొమ్మలే పెద్దవి.

ఆయన ఎట్లాంటివాడో వాళ్ళకేం తెలుసు? తేనె కోసం బండ అంచు నుంచి తాడు పట్టుకుని దిగినప్పుడు, పైన ఆ తాడు పట్టాల్సింది దిగినవాడి భార్యకు తోడబుట్టినవాడే. చెల్లెలి బతుకు తన చేతిలో ఉందని వాడికి తెలుసు కాబట్టి. నేను దిగిన ప్రతిసారీ మా బావే పట్టాడు. ఈగలు ముసిరి నేను కేకలు పెడితే పైనుంచి, "అరువు బావా, అరువు, వచ్చిందెవరో ఈగలకు తెలియాల గదా!" అనేవాడు. పట్టు మొత్తం కోయనిచ్చేవాడు కాదు. తేనె పంచితే తన వాటా చివరిది. తగాదా పడ్డవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరూ అలిసిపోయేదాకా తిట్టుకోనిచ్చి, "ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగేవాడు.

అట్లాంటి మనిషి దినం కూడా కాకముందే, ఎమ్మిగనూరు నుంచి ఒక నాయకుడు శాలువా తీసుకుని కారు దిగాడు. తన వెనక తిరిగే మావాణ్ణే ఒకణ్ణి ముందుకు తోసి, "ఇంక మీ పెద్ద ఇతనే" అన్నాడు. మా పెద్ద ఎవరో చెప్పడానికి నువ్వెవరయ్యా? నాకు ఒళ్ళు మండిపోయింది.

మా అమ్మాయి లేచి శాలువా కప్పించుకోబోతున్నవాణ్ణి అడిగింది: "అన్నా, రేపు నువ్వు తేనెకు దిగితే తాడు ఎవరు పట్టుకోవాల?"

"దానికేముంది, ఒక కూలోన్ని పెట్టుకుంటా."

ఒక ముసలమ్మ, "కూలోడు పొద్దుగూకితే ఇంటికి పోతాడు నాయనా, నువ్వు బండకే యాలాడతాంటావు!" అంది. ఆ నవ్వులకు శాలువా మళ్ళీ కారెక్కింది.

ఆడమనిషికి పెద్దరికమా అని గొణిగినవాళ్ళ మీద మా ఆవిడ విరుచుకుపడింది: "మా అన్న జ్వరంతో పడుంటే తగాదాలు తీర్చినదెవరు? మీరా?" మా అమ్మాయిని పెద్ద కూర్చునే చోట కూర్చోబెట్టారు.

ఇక అందరికీ చెప్పాలి. కోడుమూరు సంతలో చీపుర్లు అమ్మే మా చిన్నక్కకు. సి.బెళగల్ చేలలో పత్తి తీస్తున్న తమ్ముడికి, మరదలికి. జిన్నింగ్ మిల్లులో మూటలు మోసే వియ్యంకుడికి, ఆయన వింటే మిల్లంతా విన్నట్టే. ఆఖరికి నల్లమల లోపల ఉన్న మా బావ మేనత్తకు. అక్కడికి ఫోను అందదు, నేనే నడిచిపోవాలి. మేనల్లుడు పోయిన సంగతే ఆమెకు ఇంకా తెలియదు. పక్కన కూర్చుని ముందు అది చెప్పాలి. ఏడవనివ్వాలి. కళ్ళు తుడుచుకుని, "మరి మీకిప్పుడు ఎవరుండారు నాయనా?" అని ఆమే అడిగేదాకా ఆగాలి. అప్పుడు మా అమ్మాయి పేరు చెప్పాలి.