తూర్పుకు నూటయాభై మీటర్లు

శుక్రవారమొస్తే నాకొక మెయిల్ వచ్చేది. నాకు ఉత్తరాలు రాసేటోళ్ళు ఎవరూ లేరు, ఇది మాత్రం తప్పకపోయేది. ఒక ఆట వెబ్‌సైటు పంపే మెయిల్ అది. మన చుట్టుపక్కల ఎవరెవరు ఎక్కడెక్కడ డబ్బాలు దాచిపెట్టిన్రో, ఆ జాగల అక్షాంశాలు, రేఖాంశాలు ఒక ఫైలుల కట్టి పంపుతరు. ఆ ఫైలును చేతిల పట్టుకునే జీపీఎస్‌ల ఎక్కిస్తే బాణం గుర్తు దారి చూపిస్తది. నడుసుకుంట పోయి డబ్బా వెతకాలె. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంల పేరు రాసి, డబ్బాను ఎట్లున్నదాన్ని అట్లనే పెట్టి రావాలె. అంతే ఆట. ఇందుల గెలిచేదేంది, ఓడేదేంది అని మా ఇంటామె అడిగేది.

నేను బొగ్గు గనిల సర్వే డిపార్ట్‌మెంటు మనిషిని. గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్, రామగిరి దిక్కు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిల డ్యూటీ. పొద్దంతా నేలను కొలుచుడే పని. తెలంగాణ ఇంకా రాలే, రోజు మార్చి రోజు బందులు, ధర్నాలు నడుస్తున్న కాలం. పని మీద వచ్చిన ఒక కాంట్రాక్టు ఇంజనీరు నాకీ ఆట నేర్పి, పోయేటప్పుడు తన పాత జీపీఎస్ నా చేతిల పెట్టి పోయిండు. మా దిక్కు మొత్తం వెతికితే నాలుగు డబ్బాలు కూడా లేకుండె. మనమూ ఒకటి పెడ్దామని నాకు పురుగు కుట్టింది.

కమాన్‌పూర్ దిక్కు పోయే మట్టిరోడ్డు పక్కన పెద్ద బండ ఉంటది. దాని సందుల ఒక స్టీలు టిఫిన్ డబ్బా పెట్టి, నంబర్లు రాసుకొని, ఇంటికొచ్చి వెబ్‌సైటుల ఎక్కించిన. జాగ కంపెనీది. నేను ఎవర్నీ అడగలే. అడిగితే ఏమని అడగాలె, టిఫిన్ డబ్బా దాచిపెడ్త సార్ అనా? ఆరు నెలలైనా ఎవరూ రాలే. మన దుమ్ముల ఊర్లకు ఎవరొస్తరులే అనుకున్న.

వానలు మొదలైనంక, డబ్బాల పుస్తకం తడిసిందో ఏమో చూసొద్దామని ఒక ఆదివారం పోయిన. మొన్నటి శుక్రవారం మెయిల్‌ల వచ్చిన ఫైలు జీపీఎస్‌ల ఉన్నది, అందుల నా డబ్బా కూడ ఉన్నది. సరదాకు నా డబ్బానే వెతుకుదామని బాణం పెట్టిన. బండ దగ్గరికి వచ్చిన, డబ్బా నా కాళ్ళ దగ్గరనే ఉన్నది. బాణం మాత్రం ఆగలే. ఇంకా నూటయాభై మీటర్లు పో, తూర్పుకు పో అంటున్నది. జీపీఎస్ ఖరాబైందనుకొని బంద్ చేసి మళ్ళ పెట్టిన. మళ్ళ అదే తూర్పు.

తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ నిలబడే అర్థమయింది. మా ఆఫీసుల గని ప్లాన్లన్నీ పాత సర్వే లెక్క మీద గీసినయి. వెబ్‌సైటుదేమో ప్రపంచమంతా వాడే కొత్త లెక్క. ఒక్కటే జాగకు రెండు లెక్కల్ల రెండు నంబర్లొస్తయి. డ్యూటీల ప్లాన్లతోటి కలవాలె అని నేను నా జీపీఎస్‌ను పాత లెక్కకు మార్చి పెట్టుకున్న. డబ్బా పెట్టిన నాడు అదే లెక్కల నంబరు తీసి ఎక్కించిన, వెబ్‌సైటు దాన్ని కొత్త లెక్కదనుకొని ఫైలుల పెట్టింది. బజార్ల కొన్నోడెవడూ ఈ తప్పు చెయ్యడు, వాడు ఆ సెట్టింగు జోలికే పోడు. నేను పని తెలిసినోణ్ని కాబట్టి చేసిన. ఇరవై ఏండ్ల సర్వీసు పెట్టుకొని చేసిన.

ఆ తూర్పున ఉన్నది మామూలు నేలైతే నవ్వుకొని ఊకుందును. అది పాత అండర్‌గ్రౌండ్ గని మీది నేల. కింద బొగ్గు తీసుకొని పైకప్పును కూలనిడిచిన్రు. పైన నేల కుంగి పర్రెలు బాసింది, పెద్ద పెద్ద పగుళ్ళు. కొన్ని పర్రెలల్ల మనిషి నడుము దాకా దిగుతడు, కొన్నిటి లోతు మాకే తెలవదు. ఎండకాలమైతే కనవడుతయి. వానకాలం గడ్డి మొలిచి మొత్తం కప్పుకుంటది. చుట్టూ ముండ్లతీగ ఉండేది గాని, సగం ఎప్పుడో ఎవరో కోసుకపోయిన్రు. నెలకోసారి ఆ పర్రెలను కొలిచేది మేమే, కట్టెతోటి పొడుసుకుంట పొడుసుకుంట నడుస్తం. తెలవనోడు బాణం గుర్తును చూసుకుంట నడుస్తడు, కిందికి చూడడు. నా డబ్బా తీసేసినా లాభం లేదు. వెబ్‌సైటుల నంబరున్నంత కాలం మనిషి అక్కడికే పోతడు.

ఉరుకులాడుకుంట ఇంటికొచ్చిన, నంబరు మారుద్దామని. కంప్యూటర్‌కు అంతకుముందు వారమే వైరస్ వస్తే, మెకానిక్ మొత్తం తుడిచి కొత్తగ చేసిచ్చిండు. వెబ్‌సైటు పాస్‌వర్డు అడిగింది. ఆ పాస్‌వర్డు నేను ఒక్కనాడు కొట్టిన, తర్వాతంతా కంప్యూటరే గుర్తుపెట్టుకున్నది. నాకు తోచినయన్నీ కొట్టిన, ఒక్కటి కలవలే. మర్చిపోతే ఇక్కడ నొక్కు, మెయిల్ పంపుతం అని రాసి ఉన్నది. నొక్కిన. పంపినమని చూపించింది. నా మెయిల్‌బాక్సుల పడలే. గంట చూసిన, మర్నాడు చూసిన, శుక్రవారం ఫైలు కూడ రాలే. అప్పుడు తెలిసింది, ఆ సైటు మెయిళ్ళు ఏవీ నాకు వస్తలేవని.

నా మెయిల్ అడ్రసు మా కాలనీ కేబుల్ నెట్టోడు కనెక్షన్‌తోటి ఇచ్చింది. వాని దగ్గరికి పోయిన.

"సర్వర్ల పని నడుస్తుందన్న," అన్నడు. "రెండు రోజుల్ల అయితది."

రెండు రోజులు వారమైంది. మళ్ళ పోయిన. "మన దగ్గర ఏం లేదన్న. పైన హైదరాబాద్ల ఆపుతున్నరు. అన్నీ ఒక్కతీరు మెయిళ్ళు కదా, చెత్త అనుకొని ఆపుతది మిషను."

"చెత్త కాదయ్యా, అవసరం ఉన్నది. ఒకల పానం మీది ముచ్చట."

వాడు నా మొఖం చూసిండు. ఆట మెయిల్‌కు పానమేందో వానికి అర్థం కాలే. "ఫికర్ చెయ్యకన్న, కంప్లయింట్ రాసిన," అన్నడు. ఆ రాసిన కాయిదం నాకైతే కనవడలే. హైదరాబాద్ నంబరుకు ఫోన్ చేస్తే పాట వినిపించేది. పాట అయినంక ఒక అమ్మాయి, మీ సమస్య నమోదు చేసుకున్నాం సర్ అనేది. ఎన్నిసార్లు నమోదైందో లెక్క లేదు.

చౌరస్తాల నెట్ సెంటర్‌కు పోయి ఇంకో మెయిల్ అడ్రసు చేయించుకొని, దాంట్లనించి వెబ్‌సైటుకు రాసిన. నంబరు తప్పు, డబ్బా తీసెయ్యిన్రి అని బతిమాలిన. మర్యాదగనే జవాబొచ్చింది. రిజిస్టరైన అడ్రసు నుంచి రాస్తేనే మార్చగలం, అటే ఒక మెయిల్ పంపినం, దాన్ని నొక్కిన్రి అని. ఆ మెయిల్ కూడ ఎటుపోయిందో ఆ మిషనుకే తెలవాలె. తాళంచెయ్యి ఇంట్ల పెట్టి బయట తాళం ఏసుకున్నట్టయింది నా పని.

ఇవన్నీ ఒక దిక్కు నడుస్తుండంగనే, తప్పు తెలిసిన తర్వాతి ఆదివారం నుంచే అక్కడికి పోయి నిలబడుడు మొదలుపెట్టిన. డబ్బాలు వెతికెటోళ్ళు వస్తే ఆదివారమే వస్తరు. పొద్దుగాల టిఫిన్ తిని, గొడుగు పట్టుకొని, బండ మీద కూసుండేది. వచ్చిపోయే గొర్లకాపరి రెండోవారం అడిగిండు, ఏం సార్ ఇక్కడ్నే ఉంటున్నవని. సర్వే అన్న. మా ఇంటామె ఎక్కువ పైసలొచ్చే ఆదివారం డ్యూటీ వదులుకున్నవని ఒక దిక్కు, ఇంట్ల మనిషివి కాకుండ పోయినవని ఒక దిక్కు లొల్లి పెట్టేది. ఆమెకు సగమే చెప్పిన. నంబరు తప్పు పడ్డదన్న గాని, అది ఏ నేల మీద పడ్డదో చెప్పలే. మిగిలిన ఆరు రోజులు నాకు అన్నం పోకపోయేది. డ్యూటీల ఉన్నా మనసు ఆ గడ్డిలనే.

ఆఫీసుల చెప్పొచ్చు కదా అంటరు. చెప్తే ముందుగాల అడిగేది, కంపెనీ జాగల నీకేం పని అని. నిషేధం ఉన్న నేలకు బయటోళ్ళను పిలిచినట్టే అయితది. సర్వే మనిషి చేతుల మీదుగ తప్పు నంబరు పోయిందని తెలిస్తే చార్జిషీటు ఖాయం. ఒక్క మెయిల్ వస్తే సప్పుడు లేకుండ సరిచేసుకుంట, ఎవరికీ తెలవకుండ పోతదని నా ఆశ.

ఐదో ఆదివారం ముందు కేబుల్ నెట్టోడే ఫోన్ చేసిండు. "అన్న, ఆదివారం మన మనిషి మీ ఇంటికొస్తడు. కొత్త సెట్టింగు పెడ్తడు. పొద్దుమూకేలోపు ఆగిన మెయిళ్ళన్నీ పడుతయి. ఇంట్ల ఉండు, తాళం ఉంటే మళ్ళ పదిహేను రోజులైతది."

ఆ ఆదివారం నేను ఇంట్లున్న. వాన ముసురు పెట్టింది, ఇంత వానల ఎవరొస్తరని నాకు నేనే చెప్పుకున్న. కంప్యూటర్ ముంగట కుర్చీ వేసుకొని కూసున్న. మోడెం మీది ఆకుపచ్చ లైటు కొట్టుకుంటనే ఉన్నది. పదిసార్లు తెరిచి చూసిన, ఇరవైసార్లు చూసిన. తలుపు దగ్గర సప్పుడైతే లేచిపోయిన, పాలాయన. మనిషి రాలే. పొద్దుమూకింది.

బుధవారం డ్యూటీ దిగి వచ్చేసరికి మెయిళ్ళు పడి ఉన్నయి, ఒక్కసారే మొత్తం. శుక్రవారం ఫైళ్ళు, పాస్‌వర్డుకు పంపినయి, గడువు దాటినయి. వాటి నడుమ వెబ్‌సైటు మీదుగ ఒక మనిషి నాకు రాసినయి మూడు. ఇంగ్లీషుల ఉన్నయి. మా ఇంటామె చాయ్ తెచ్చి పక్కన నిలబడితే, చదివి తెలుగుల చెప్పిన.

మొదటిది: కరీంనగర్ నుంచి రాస్తున్న. నా బిడ్డ తొమ్మిదేండ్లది, దానికి ఈ ఆటంటే పిచ్చి. వచ్చే ఆదివారం మీ డబ్బా కోసం వస్తున్నం. ఆ జాగ పిల్లలకు మంచిదేనా, ఒక మాట చెప్పున్రి.

రెండోది శనివారంది: మీ జవాబు రాలే. ఏమన్న ఉంటే చెప్తుండిరి కదా అని రేపు బయలుదేరుతున్నం.

మూడోది ఆదివారం పొద్దుమూకినంక రాసింది. డబ్బా దొరకలే. నంబరు దగ్గర గడ్డిల నా బిడ్డ కాలు నేలల దిగిపోయింది, తొడ దాకా. చెయ్యి అందింది కాబట్టి గుంజిన. కాలు విరిగింది, దవాఖాన్ల ఉన్నం. నేను మిమ్మల్ని అడిగిన కదా. ఒక్క మాట రాస్తే ఏమయితుండె?

మా ఇంటామె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "అది పర్రెల నేలనా?" అని అడిగింది. అవునన్న.

"నీకెప్పటి సంది తెలుసు?"

"ఐదు వారాలు."

"నెట్టోడు మెయిల్ ఇయ్యలే, సరే. ఆ గడ్డిల ఒక ఎర్రజెండా పాతనీకి నీకు మెయిల్ కావాల్నా? జెండాలు మీ దగ్గర మూటలు మూటలు ఉంటయి కదా."

నాలుగు ఆదివారాలు నేను ఆ బండ మీద కూసున్న, సర్వే జెండాలు నా స్కూటర్ డిక్కీలనే ఉన్నయి. పాతితే ఎవరు పాతిన్రని ఆఫీసుల అడుగుతరు. అందుకని పాతలే. నా నౌకరిని కాపాడుకున్న. పరాయి బిడ్డ కాలు విరిగింది.

పాస్‌వర్డు మెయిల్ మళ్ళ తెప్పించుకొని వెబ్‌సైటుల నంబరు తీసేసి, ఆ తండ్రికి జవాబు రాయనీకి కూసున్న. తప్పంతా రాని మెయిల్ మీదనే ఏస్తే ఆయన నమ్ముతడు, నాకు తెలుసు. ముందుగాల అట్లనే రాసి, తుడిచేసిన. తర్వాత జెండాల ముచ్చట కూడ రాసి పంపిన. మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పుదామని మేనేజర్ రాకముందే ఆయన రూమ్ బయట నిలబడ్డ.