ఊరి సైరన్ కైలాసం

దేశం ప్రపంచ యుద్ధంలోకి దిగిన రోజున రాజక్కపల్లెలో అందరికంటే ముందు యుద్ధం మొదలుపెట్టింది సంతోష్‌రావు ఫోను. ఊళ్లో పెద్ద భూస్వామి ఆయన. పొద్దుటి టిఫిన్‌కూ సాయంత్రం చాయ్‌కీ మధ్య శత్రువు రాజధానిని మూడుసార్లు నేలమట్టం చేసి, ఆ వీడియోలు ఊరందరికీ వాట్సాప్‌లో పంపాడు. తర్వాత నాలుగు గ్యాస్ సిలిండర్లు కారులో వేసుకొచ్చి కొట్టంలో దాచాడు. దేశభక్తులకు మాత్రం ఆకలి కాదా ఏం?

దుబాయికి పనికి పోయిన ఊరి మగవాళ్లు ఫోన్లు చేసి, ఊళ్లోవాళ్లను పైలంగా ఉండమన్నారు. ఊళ్లోవాళ్లు వాళ్లను పైలంగా ఉండమన్నారు. ఈ యుద్ధంతో నిజంగా బాగుపడినవాడు ఒక్కడే, డెబ్బై ఏళ్ల కైలాసం. నలభై ఏళ్లు డప్పు కొట్టి ఊళ్లో సాటింపు వేసిన మనిషి. పంచాయతీవాళ్లు చెత్త బండికి మైకు కట్టిన నాటి నుంచి ఆయన గొంతుకు పనిలేకుండా పోయింది. ఎవరో రికార్డు చేసిన గొంతు ‘తడి చెత్త, పొడి చెత్త’ అంటూ వీధుల్లో ఊరేగుతుంటే ఆయనకు కడుపు మండిపోయేది. ఇప్పుడు డీజిల్‌కు కరువొచ్చి చెత్త బండి మూలపడింది. పంచాయతీ కార్యదర్శి హరీష్ వెతుక్కుంటూ ఆయన ఇంటికి వచ్చాడు.

“తాతా, విమానాలు వస్తే ఊరికి ఎరుక చెయ్యాలెనట. సైరన్లు ముందుగాల టౌన్లకే ఇస్తరట. గందాక నువ్వే మా సైరన్‌వు.”

కైలాసం భార్య లస్మవ్వ పకపకా నవ్వింది. “గీ ముసలోడు దగ్గితెనే ఆయాసపడుతడు. విమానాలను ఆపుతడా బిడ్డా?”

“నువ్వు ఊకో,” అన్నాడు కైలాసం, అప్పటికే డప్పు దించి గడ్డిమంట మీద సెగ చూపిస్తూ. ఊరు మళ్లీ తన మాట వినాలి. ఆయనకు కావలసింది అంతే.

మొదటి రిహార్సల్‌కు మండలం నుంచి అధికారి వచ్చాడు. డప్పు మోగగానే జనం ఇళ్లలోకి దూరి తలుపులు వేసుకోవాలని నియమం. కైలాసం డప్పు కొట్టాడు. ఇళ్లలో ఉన్నవాళ్లందరూ బయటికొచ్చారు! సాటింపు వినాలంటే వాకిట్లోకి రావాలి, తాతల నాటి అలవాటు మరి. స్నానం చేస్తున్నవాడు తువ్వాలతో వచ్చాడు. మంచం పట్టిన ఓ ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. “విమానాలు వస్తున్నయి, లోపలికి పోవాలెనహో!” అని కైలాసం అరిస్తే, అందరూ ఆకాశం వైపు చూశారు. సంతోష్‌రావు వీడియో తీయడానికి మేడెక్కాడు.

అధికారి లెక్క ప్రకారం ఆ రోజు ఊరు మొత్తం చచ్చిపోయింది. “సోమారం మల్ల వస్త,” అని జీపెక్కాడు.

“గప్పుడు గూడ గిట్లనే అయితే నిన్ను తీసేస్తరు తాతా. నా చేతుల ఏం లేదు,” అన్నాడు హరీష్.

వారం రోజులు కైలాసానికి ముద్ద దిగలేదు. ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. అందరూ సరేనన్నారు. ఆదివారం దరువు మార్చి కొట్టి చూస్తే, ఈ కొత్త దరువేమిటో చూద్దామని ఇంకో నలుగురు ఎక్కువొచ్చారు.

సోమవారం అధికారి గడియారం చూసుకుంటూ పంచాయతీ ముందు నిలబడ్డాడు. డప్పు మోగింది. ఊరు ఎప్పటిలాగే వాకిళ్లలోకి వచ్చింది. కైలాసం గొంతు సవరించుకున్నాడు.

“ఇనుండ్రహో! యుద్ధం చందాలకు సార్లు ఇల్లిల్లు తిరుగుతున్నరహో! ఇంటికి వెయ్యికి తక్కువ కాకుండ ఇయ్యాలెనటహో!”

నిమిషం పట్టలేదు. తలుపులు దబదబా పడ్డాయి. మంచం పట్టిన ముసలమ్మ ఎవరి సాయమూ లేకుండా నడిచి లోపలికి పోయింది. అందరికంటే ముందు మూతపడిన గేటు సంతోష్‌రావుది. “దొర ఊర్లె లేడు,” అని లోపలి నుంచి వినిపించిన గొంతు కూడా ఆయనదే.

అధికారి అంతా విన్నాడు, కిసుక్కున నవ్వాడు, ‘ప్రజల సన్నద్ధత అద్భుతం’ అని రాసుకుని పోయాడు.

పదిరోజులకు జిల్లా నుంచి బహుమతి వచ్చింది. ఉత్తమ గ్రామానికి కరెంటు సైరన్.

“రేపు పొద్దుగాల సైరన్ ప్రారంభం తాతా. ఊర్లె సాటింపు ఎయ్యి. గిదే ఆఖరు,” అన్నాడు హరీష్, తన చెప్పుల వైపు చూస్తూ.

కైలాసానికి ఏడుపొచ్చింది. బాగా చేయకపోతే తీసేస్తామన్నారు, బాగా చేస్తే తీసేశారు. అయినా డప్పు మెడకు తగిలించుకుని ఊరంతా తిరిగాడు, ఒక్క వాడ వదల్లేదు. చివరికి తన ఇంటి ముందు కూడా, పరాయి ఇంటి ముందు నిలబడినట్టే నిలబడి, డప్పు కొట్టి మొత్తం చెప్పాడు. లస్మవ్వ కొంగు నెత్తిన కప్పుకుని, గడప దగ్గర నిలబడి ఆఖరి మాట దాకా విన్నది.

“ఇనవడ్డదా?” అని అడిగాడు.

“ఇనవడ్డది,” అన్నది లస్మవ్వ. “ఇంకోపారి చెప్పు.”