మెట్ల మీది ఆమెన్

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన వేసవిలో, పద్దెనిమిది రోజులు ఒక మూసిన తలుపుతో మాట్లాడుతూ గడిపాను. తలుపవతల మా అమ్మ ఉండేది.

అప్పుడు మేము మచ్చ బొల్లారంలో ఒక మేడమీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నాయిన అప్పటికే లేడు. అమ్మ దవాఖానలో నర్సు. ఆ ఏడు ఈస్టరుకు నేను పూజలో ఇచ్చే అప్పం, మొదటి సత్ప్రసాదం, తీసుకోవాలని తెల్లగౌను కుట్టించి బీరువాలో పెట్టింది. అంతలో గుడి మూసేశారు. ఆదివారం పూజ ఫోన్లో చూసేవాళ్ళం. ఫాదర్ గారు ఖాళీ బెంచీల ముందు నిలబడి చదువుతుంటే, మధ్యలో బొమ్మ ఆగిపోయి ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయేవి.

ఈస్టరు దాటిన కొన్నాళ్ళకు అమ్మ డ్యూటీ నుంచి జ్వరంతో వచ్చింది. నన్ను దగ్గరికి రావద్దని చేత్తో సైగ చేసి, నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. నాకు పదేళ్ళు. పంపడానికి చుట్టాలు దగ్గర్లో లేరు, బస్సులు లేవు. కింద ఇంటి ఓనరు వాళ్ళ కోడలు, నేను అక్క అని పిలిచేదాన్ని, రెండు పూటలా అన్నం డబ్బా మెట్ల మలుపులో పెట్టి పిలిచేది. అందులో అమ్మ వాటా లోపలి గది తలుపు దగ్గర పెట్టి నేను దూరం జరిగేదాన్ని. రోజంతా నాతో మాట్లాడే మనిషి లేదు. గోడ మీది మరియమ్మ పటంతో మాట్లాడి, ఆమె కూడా పలకకపోతే అలిగేదాన్ని.

లైట్లు వేసే వేళ మాత్రం జపమాల చెప్పుకునేవాళ్ళం. ఒక్కో పూసకు చెప్పే ప్రార్థనలో మొదటి సగం అమ్మ, రెండో సగం నేను. తలుపు వెనక నుంచి వచ్చే ఆ గొంతుతోనే అమ్మ ఎట్లా ఉందో నాకు తెలిసేది. ఐదో రోజు గొంతు రాలేదు. తలుపు బాదాను. చాలాసేపటికి, ఒక్కో మాటకు ఆగుతూ అమ్మ అంది, “నా వంతు గూడ నువ్వే చెప్పు బిడ్డా. నేను ఇంటున్న.”

రెండు సగాలూ నేనే చెప్పడం మొదలుపెట్టాను. మూడో పూస దగ్గర ఏడుపొచ్చి ఆగిపోయాను. అప్పుడు మెట్ల మీద నుంచి ఎవరో “ఆమెన్” అన్నారు.

డబ్బా తెచ్చిన అక్క, ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని మెట్ల మలుపులో కూర్చుని ఉంది.

“మీ ప్రార్థన నాకు రాదురా. ఆఖరికి గా ఒక్క మాట వస్తది. నువ్వు చెప్పు, అది నేనంట.”

ఆ రోజు మాల పూర్తయింది. మర్నాడూ అక్క వచ్చింది. పైకి పోవద్దని వాళ్ళత్త కేకలేస్తుంటే, “పైకి పోతలేనత్తమ్మా, నడిమిట్లనే కూసుంటున్న” అనేది. ఆమె ఆమెన్ అన్నప్పుడల్లా లోపల నుంచి అమ్మ తలుపు మీద వేలితో ఒకసారి కొట్టేది. ఆ చిన్న చప్పుడు విని నేను తర్వాతి పూసకు వెళ్ళేదాన్ని.

పద్దెనిమిదో రోజు అమ్మ గడియ తీసింది. సగమైపోయిన మనిషి. వెళ్ళి నడుం చుట్టూ పట్టుకున్నాను.

గుడి తెరిచి నాకు సత్ప్రసాదం ఇచ్చేసరికి గౌను పొట్టిదైంది. అక్క కూడా వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, అందరికంటే ముందే ఆమెన్ అనేసి నాలుక కరుచుకుంది.

కొన్నేళ్ళకు అక్క వాళ్ళత్త పోయినప్పుడు వెళ్ళాను. ఇంటి నిండా భజన జరుగుతోంది. పాడాల్సిన అక్క మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. ఆ పాటలో నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆమె పక్కన చాప మీద కూర్చుని, భజన నడిపే వాళ్ళతో పాటు తెల్లవార్లూ చప్పట్లు కొట్టాను. అక్క చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. ఇప్పటికీ నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. మాటలు రావని ఆగిపోను, వెళ్ళి కూర్చుంటాను.