దయామణి గారూ, వియ్యాలవారి తాండ్రా

నూజివీడులో నాది జిరాక్స్ షాపు. పేరు బసవపున్నారావు. షాపు పెట్టి ముప్ఫై ఏళ్ళయింది. జిరాక్స్ అన్నది బోర్డు మీద మాటే గానీ నా అసలు పని ఫారాలు నింపడం. రేషన్ కార్డు, కరెంటు మీటరు, ట్రేడ్ లైసెన్సు, ఏదైనా సరే జనం కాగితం పట్టుకుని నా బల్ల ముందుకే వచ్చేవాళ్ళు. నేను కళ్ళజోడు ముక్కు మీదికి దించి "ఇది ఇక్కడ కాదమ్మా రాయాల్సింది" అంటే నన్ను తహసీల్దారుని చూసినట్టు చూసేవాళ్ళు. ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది.

అలాంటిది, రెండేళ్ళ కిందట మా షాపుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ప్రభుత్వ గదిలో ఒక టేబులు, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి చిన్న వ్యాపారాల సహాయ కేంద్రం అని బోర్డు తగిలించారు. అందులో కూర్చోవడానికి రోజూ విస్సన్నపేట నుంచి బస్సులో ఒకావిడ వచ్చేది. పేరు దయామణి. నలభై అయిదేళ్ళుంటాయి. ఏ వ్యాపారానికి ఏ అనుమతి కావాలో చెప్పడం, దగ్గరుండి దరఖాస్తు పెట్టించడం, మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగిందో కనుక్కోవడం ఆవిడ ఉద్యోగం. ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోదు. నాకు ఒళ్ళు మండదా మరి?

మొదట్లో ఆవిడ పని చూసి నవ్వుకునేవాణ్ణి. ఒక్కో మనిషికి గంట పట్టేది. నేనయితే పది నిమిషాల్లో నింపి సంతకం పెట్టించి పంపించేస్తాను. ఆవిడ అలా కాదు. దరఖాస్తు మొత్తం నింపాక ఆ మనిషి చేతనే పైకి చదివించేది. చదువు రాకపోతే తనే చదివి, అర్థమైంది వాళ్ళ మాటల్లో చెప్పమనేది. చెప్పేదాకా మీట నొక్కేది కాదు. "ఇది మీ పేరు మీద వెళ్తోందండీ, నా పేరు మీద కాదు" అనేది. మజ్జిగ అమ్ముకునే ఆవిడ చేత నాలుగు పేజీలు అప్పజెప్పించుకుంటుంటే, ఇదేం బడి అనుకున్నాను.

ఇంకో విడ్డూరం ఏంటంటే, మామిడి తోటల మధ్య పుట్టిన మనిషి, మధ్యాహ్నం క్యారేజీలో పచ్చడి ఉండేది కాదు. మా ఆవిడ కల్యాణి ఓసారి కొత్తావకాయ గిన్నెలో పెట్టి నా చేత పంపించింది. "ఏమనుకోకండి, నేను పచ్చడి మానేశానండీ" అని గిన్నె తిరిగిచ్చేసింది. బీపీ కాబోలనుకున్నాను.

కిందటి మే నెలలో పుష్పవతి గారని ఒక రైతు ఇల్లాలు ఆ గదికొచ్చింది. నూజివీడు పక్క పల్లెలో వాళ్ళకి నాలుగెకరాల చిన్నరసాల మామిడి తోట ఉంది. గాలికి రాలిన పండంతా ఆవిడ తాండ్ర పోస్తుంది. తాటాకు చాప మీద గుజ్జు పలచగా పరిచి, ఎండాక మళ్ళీ పొర, ఎండాక మళ్ళీ పొర, అలా పది పన్నెండు రోజులు. రుచికి వంక పెట్టేవాడు లేడు. కానీ ఏటా వానలు మొదలయ్యే ముందు ఇంటికొచ్చే వర్తకుడు ఎంతంటే అంతకి ఇచ్చెయ్యాల్సిందే. తడి తగిలితే తాండ్ర బూజు పడుతుందని ఆవిడకి తెలుసు, వర్తకుడికి ఇంకా బాగా తెలుసు.

ఈసారి విజయవాడలో ఒక మిఠాయి షాపు యజమాని ఆ తాండ్ర రుచి చూసి, సీజనంతా మొత్తం తనే తీసుకుంటానన్నాడు. షరతు ఒకటే. జూన్ పదో తారీకు లోపల ఫుడ్ రిజిస్ట్రేషన్ నంబరు, ల్యాబ్ రిపోర్టు, రెండూ చూపించాలి. లేకపోతే వేరే ఊరి సరుకు తెచ్చుకుంటాడు. పుష్పవతి గారికి అది ఒక్క ఏడాది బేరం కాదు. ఆ వర్తకుడి ముందు ఇక ఎప్పటికీ నిలబడక్కర్లేని దారి.

దయామణి గారు వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్ చేయించింది. తాండ్ర ఎండబెట్టే చోట ఈగలు వాలకుండా దోమతెరలు కట్టించింది. లేబుల్ మీద ఏముండాలో రాయించింది: మామిడి గుజ్జు, పంచదార, అంతే. ఇక ల్యాబ్‌కి ముక్క పంపడం మిగిలింది. "మీరు అమ్మేదాంట్లోంచే ఒక ముక్క పంపండి" అని చెప్పింది.

ఆ రోజు పుష్పవతి గారు ఆధార్ కార్డు జిరాక్స్‌కని నా షాపుకొచ్చింది. "అన్నయ్య గారూ, ల్యాబ్‌కి ఎలాంటిది పంపాలంటారు?" అని అడిగింది. ఎదురుగదిలో అంతా చెప్పినా నన్నొకసారి అడిగిందని నాకు లోపల ఎంత సంబరం! కళ్ళజోడు కిందికి దించాను. "ఆఫీసర్లు చూసేది కదమ్మా! ఇంట్లో ఉన్నవాటిల్లో మంచిది పంపండి. మామూలుది పంపితే ఏం బావుంటుంది?" అన్నాను.

ఆవిడ నా మాట అక్షరాలా పాటించింది.

వాళ్ళింట్లో ఏటా ఒక చాప వేరుగా పోస్తారు. వియ్యాలవారికి పంపే తాండ్ర అది. ప్రతి పొరకీ నెయ్యి రాసి, యాలకుల పొడి చల్లి, మధ్యలో జీడిపప్పు పలుకులు వేస్తారు. అది అమ్మేది కాదు, ఇంట్లోవాళ్ళు కూడా ముట్టుకోరు. పుష్పవతి గారు ఆ చాప మధ్యలోంచి చక్కటి ముక్క కోసి, కొత్త డబ్బాలో పెట్టి ల్యాబ్‌కి పంపించింది.

మే ఆఖర్లో రిపోర్టు వచ్చింది. పాలకొవ్వు ఉంది, జీడిపప్పు ఉంది, ఇవి లేబుల్ మీద లేవు, సరిపోలేదు అని. మిఠాయి షాపాయన ఫోన్ చేసి, జీడిపప్పు పడనివాళ్ళు తిని ఆస్పత్రి పాలైతే తన షాపు మూసుకోవాలి, వద్దు లెండి అన్నాడట. పుష్పవతి గారు ఎదురుగదిలో కుర్చీలో కూర్చుని ఏడుస్తుంటే గొంతు రోడ్డు దాటి నా దాకా వినిపించింది. నేను షాపు వదిలేసి వెళ్ళాను.

"ఆఫీసర్లకి వట్టి తాండ్ర ఎలా పంపుతానమ్మా? పెద్దవాళ్ళు కదా, ఏమన్నా అనుకోరూ?" అంటోంది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు. నన్ను చూసి తల దించుకుంది. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

దయామణి గారు కోప్పడలేదు. మంచినీళ్ళిచ్చి, "ఊరుకోండమ్మా. తప్పు చేసి కాదు, తెలీక జరిగింది" అని మొదలుపెట్టింది. "నేనూ పన్నెండేళ్ళ కిందట విస్సన్నపేటలో ఆవకాయ పెట్టి షాపులకి వేసేదాన్ని. లైసెన్సు కావాలా అని నూజివీడు వచ్చినప్పుడు తెలిసినాయన్ని అడిగాను. ఇంట్లో పెట్టుకునే పచ్చడికి లైసెన్సేంటమ్మా, హాయిగా అమ్ముకో అన్నాడు. ఓ రోజు తనిఖీ వాళ్ళొచ్చి నలభై జాడీలకి సీలేశారు. వాళ్ళ తప్పేం లేదు, రూలు అది. నాకెవరూ చెప్పలేదంతే. ఆ ఏడాది నుంచి పచ్చడి జోలికే పోలేదు. మీకు అలా కానివ్వను."

ఇంట్లో పెట్టుకునే పచ్చడికి లైసెన్సేంటమ్మా. ఆ మాట నాది. ఎంతమందికి ఎన్నిసార్లు అని ఉంటానో నాకే లెక్క లేదు. తెలీదు అంటే ఎక్కడ నామోషీ అవుతుందోనని నోటికొచ్చిన సలహా ఇచ్చి పంపిన వాళ్ళలో ఈవిడా ఉందేమో! ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు దయామణి గారు, గడువులోగా సరైన రిపోర్టు చూపిస్తామని మిఠాయి షాపాయన్ని ఫోన్లో ఒప్పించి, ఆటో మాట్లాడుకుని పల్లెకి వెళ్ళింది. అమ్మకానికి పోసిన మామూలు తాండ్రలోంచి తన కళ్ళముందే ముక్క కోయించి, సీలేయించి, తన సెలవు రోజున బస్సెక్కి స్వయంగా విజయవాడ ల్యాబ్‌లో ఇచ్చి వచ్చింది. అప్పటికి పది రోజులు మాత్రమే ఉంది. అటూ ఇటూ మబ్బులు కమ్ముకుంటున్నాయి. ఎన్నడూ లేంది, నేను రోజూ ఎదురుగదికి వెళ్ళి "వచ్చిందాండీ?" అని అడగడం మొదలుపెట్టాను. పరీక్ష రాసిన పిల్లాడిలా తయారయ్యాను.

జూన్ ఎనిమిదిన రిపోర్టు వచ్చింది. గుజ్జు, పంచదార, అంతే. లేబుల్‌తో సరిపోయింది. దయామణి గారు అప్పటికే ఇంకో పని చేసింది. మొదటి రిపోర్టు పారేయకుండా, దాని ప్రకారం నెయ్యి, జీడిపప్పు, యాలకులు స్పష్టంగా రాయించి రెండో లేబుల్ తయారుచేయించింది. మిఠాయి షాపాయన రెండు రకాలూ తీసుకున్నాడు. రెండో దానికి పుష్పవతి గారే పేరు పెట్టింది, వియ్యాలవారి తాండ్ర అని. షాపు వాళ్ళ వ్యాను పల్లెలోకి వచ్చిన రోజున ఆ పాత వర్తకుడు కూడా వచ్చాడట. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "ఈ ఏడాది సరుకు లేదండీ" అని పంపించేసిందట. ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాను.

ఆ సాయంత్రం బస్సు టైముకి ముందు ఎదురుగదికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. "పుష్పవతి గారికి ఆ సలహా ఇచ్చింది నేనేనండీ" అన్నాను.

"తెలుసండీ. ఆవిడ చెప్పలేదు, నేనే అనుకున్నాను" అంది, కంప్యూటరు కట్టేస్తూ.

"మరి పన్నెండేళ్ళ కిందట మీకు చెప్పినాయన..."

ఆవిడ చేతిసంచి సర్దుకుంటూ రోడ్డు అవతల నా షాపు వైపు చూసింది. "అప్పట్లో మీ బోర్డు నీలం రంగు కదండీ" అంది.

రెండేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసి నా చేతిలో పెట్టింది. "కల్యాణి గారు మీ షాపులో వడియాలు అమ్ముతున్నారు కదా, ఆవిణ్ణి రేపు రమ్మనండి. మీరు నింపుకు రాకండి, ఆవిడే చదవాలి" అని నవ్వి, బస్సందుకోడానికి వెళ్ళిపోయింది.

కల్యాణి నాలుగు పేజీలూ చదివింది. ఇప్పుడు మా వడియాల ప్యాకెట్ మీద నంబరుంది. దయామణి గారు ఈ ఏడాది రెండు జాడీల ఆవకాయ పెట్టుకుంది, ఇంటి మటుకే. ఒక చిన్న సీసా మాకూ ఇచ్చింది. కారం కాస్త ఎక్కువే, అయినా సీసా వారంలో ఖాళీ అయింది.

మొన్న ఒకమ్మాయి జిరాక్స్‌కొచ్చి, "బాబాయ్ గారూ, ఇంట్లో కేకులు చేసి అమ్మాలనుకుంటున్నాను. లైసెన్సు కావాలాండీ?" అని అడిగింది. చెయ్యి అలవాటుగా కళ్ళజోడు మీదికి పోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నాకు తెలీదమ్మా. ఎదురుగదిలో దయామణి గారుంటారు, ఆవిణ్ణి అడుగు" అన్నాను.

ముప్ఫై ఏళ్ళ షాపులో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి నన్నేమీ తక్కువగా చూడలేదు. థాంక్సండీ అని రోడ్డు దాటి వెళ్ళింది.