చారాణా గుండ్రం

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో ఒకప్పటి ఎరువుల గోదాము ఉంది. అందులో కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట టేబుళ్ళు రెండు వేసుకొని బతికే షహబాజ్‌కు చుట్టుపక్కల ఒకటే పేరు: స్టిక్కు పట్టుకుపోతే టిప్పు వేసి ఇస్తాడు. స్టిక్కు కొసన బంతిని తాకే తోలు బిళ్ళనే టిప్పు అంటారు. చూస్తే బొటనవేలి గోరంత ఉండదు. ఆటగాడి పరువంతా దాని మీదే నిలబడి ఉంటుందంటే కొత్తవాళ్ళు నమ్మరు.

టిప్పు అతికించడం ఎవరైనా చేస్తారు. దాని తలను ఏ వంపులో గీకాలన్నదే అసలు విద్య. కామారెడ్డిలో షహబాజ్‌కు ఆట నేర్పిన యాకూబు ఉస్తాద్ ఆ విద్యను నాణేలతో చెప్పేవాడు. చారాణా బిళ్ళ, అంటే పావలా, అంచులాగా గుండ్రంగా గీకితే స్టిక్కుతో కొట్టే తెల్ల బంతి చెప్పినట్టు వింటుంది. వెనక్కి రమ్మంటే వస్తుంది, పక్కకు తిరగమంటే తిరుగుతుంది. పాత రూపాయి బిళ్ళ అంచులాగా కాస్త చదునుగా గీకితే వయ్యారాలు తగ్గుతాయి గానీ గట్టి దెబ్బ సూటిగా పోతుంది, చెయ్యి నువ్వుగింజంత జారినా బంతి దారి తప్పదు. చారాణా అలా కాదు, జారిన చేతిని అది క్షమించదు. "మనిషిని చూసి గీకాలె బేటా, స్టిక్కును చూసి కాదు" అని ఉస్తాద్ చెవిలో ఇల్లు కట్టుకొని పోరాడు. షహబాజ్ బుద్ధిగా విన్నాడు. విని, జీవితమంతా అందరికీ చారాణా వంపే గీకాడు.

ఎందుకంటే అతనిది చారాణా ఆట. మెత్తగా కొట్టి, బంతిని తిప్పి, తనకు కావలసిన చోట కూర్చోబెట్టే ఆట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! గోదాముకు వచ్చే పోరగాళ్ళు కూడా బంతిని గిరగిరా తిప్పి ఒకరికొకరు చూపించుకోవడానికే వస్తారు గనుక ఎవరూ కాదనలేదు. చారాణా బిళ్ళను సర్కారు ఎప్పుడో ఎత్తేసింది. షహబాజ్ చొక్కా జేబులో మాత్రం, టిప్పు గీకే ఉప్పు కాగితం ముక్క పక్కన, అది ఇంకా చెల్లుతూనే ఉంది.

అతని కూతురు తహ్మీనా డిగ్రీ చదువుతోంది. తల్లి మహజబీన్ పెట్టిన షరతు ప్రకారం ఆ పిల్ల ఆడేది పొద్దున్నే, షట్టరు సగం దించి, పోరగాళ్ళు రాకముందే. గోదాము ఊడ్వడం, టేబుల్ మీది గుడ్డ దులపడం, ఆట, అన్నీ ఆ కాస్త పొద్దులోనే ముగియాలి. అందుకే ఆమె ఆటలో నాన్చుడు లేదు. వంగుతుంది, చూస్తుంది, కొడుతుంది. బంతి ఠపీమని పోయి టేబుల్ మూలనున్న సంచిలో పడుతుంది. ఆమె స్టిక్కు మూలకు పడేసిన పాతది. ఎవరూ పట్టించుకోక దాని టిప్పు అరిగి అరిగి, తనంతట తానే రూపాయి వంపుకు వచ్చింది. ఆమె చెయ్యి దానికి అలవాటుపడింది. ఎవరూ ఎంచకుండానే సరైన వంపు సరైన చేతికి దొరికిందన్నమాట. అలాంటి అదృష్టాన్ని కదిలించకూడదు. కదిలించకూడదని తెలియాలంటే ముందు అది అదృష్టమని తెలియాలి కదా!

కామారెడ్డిలో ఆడపిల్లలకు పోటీ పెట్టారు. అందులో గెలిచినవాళ్ళు హైదరాబాదులో జట్టు ఎంపికకు పోతారు. అంతకుముందు రెండు చోట్ల ఓడివచ్చిన తహ్మీనా ఈసారి తండ్రికి తెగేసి చెప్పింది.

"అబ్బా, గిదే ఆఖరు. ఈసారి గిట్ల ఓడిన్నంటే నా చేతుల ఆట లేదని లెక్క. మళ్ళ స్టిక్కు ముట్ట."

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ఆ తండ్రీకూతుళ్ళు ఆట దగ్గరికి వస్తే తెలుగులోకి దిగుతారు. ఆ గోదాములో ఆట మాటలన్నీ తెలుగువే. ఏ భాషలో విన్నా షహబాజ్‌కు ఆ మాట రాయిలా తగిలింది. ఎండ పడని ఆ గోదాములో కూతురు వంగి గురిచూడటం చూస్తూ చాయ్ తాగడం కంటే పెద్ద సంతోషం అతనికి లేదు. ఆమె మానేస్తే పొద్దున్నే షట్టరు ఎత్తడానికి అతనికి మనసొప్పదు. ఏదో ఒకటి చేయాలనిపించింది. చేతనైంది ఒక్కటే పని గనుక ఆ పనే చేశాడు. దాచుకున్న మంచి టిప్పు తీసి, పాతది కోసేసి, కొత్తది అతికించాడు.

మహజబీన్ చూసి, "బాగున్నదాన్ని ఎందుకు గెలుకుతవ్ జీ?" అంది.

"పండుగపూట పాతబట్టలు కడుతమా?" అన్నాడు షహబాజ్. జేబులోంచి చారాణా తీసి, వెలుతురుకు పెట్టి చూసుకుంటూ గీకాడు. అంత శ్రద్ధగా అంతకుముందు ఏ స్టిక్కునూ గీకి ఉండడు. గీకుతున్నంతసేపూ దువా చదివాడు కూడా.

జిగురు ఆరేసరికి బస్సు వేళయింది. తహ్మీనాకు కొత్త టిప్పుతో మెల్లగా నాలుగు బంతులు కొట్టే తీరికే దొరికింది. మెల్లగా కొట్టినవి చక్కగా పోయాయి. బస్సు లింగంపేట దాటేదాకా ఆమె టిప్పును వేలితో నిమురుతూనే కూర్చుంది. "మస్తున్నది అబ్బా" అంది. షహబాజ్ ఛాతీ ఉబ్బింది.

కామారెడ్డి హాలులో ఆమెకు ఎదురుపడింది కృపాజ్యోతి. ఆ ఊళ్ళోనే ఏదో ఆసుపత్రిలో నర్సు. ముందు ఐదు ఆటలు గెలిచినవాళ్ళు పైకి పోతారు, ఓడినవాళ్ళు ఇంటికి పోతారు. ఆట నడిపించే చక్రధర్ షరతులు చదివాడు. వెంట వచ్చినవాళ్ళు కుర్చీలోంచి లేవొద్దు, మాట్లాడొద్దు, సైగ చేయొద్దు. చేస్తే తమ పిల్ల ఆట పోతుంది. స్టిక్కు బాగుచేసుకోవాలంటే ఆడేవాళ్ళే అడగాలి.

తహ్మీనా తన పద్ధతిలో వంగి, చూసి, గట్టిగా కొట్టింది. తెల్ల బంతి పోతూ పోతూ పక్కకు తొలిగింది. రంగు బంతి సంచి అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ పిల్ల తన అరచెయ్యి చూసుకుంది. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి తొలిగింది.

షహబాజ్‌కు విషయం అర్థమైంది. అది చెయ్యి తప్పు కాదు. గట్టి దెబ్బలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి తిరుగుతోంది. పాత టిప్పు మీద ఆ తేడా లెక్కలోకే వచ్చేది కాదు. చారాణా! తన చారాణా! ఉస్తాద్ మాట అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం? జేబులో ఉప్పు కాగితం ఉంది. నాలుగు గీకులు గీకితే సరిపోతుంది. ఆమె ఇటు ఒక్క అడుగు వేసి అడిగితే చాలు.

అడగలేదు. రెండో ఆట పోయాక చక్రధరే, పిల్ల అవస్థ చూడలేక, "స్టిక్కు మంచిగున్నదా అమ్మా? బాగుచేసుకుంటవా?" అని అడిగాడు. షహబాజ్ చెయ్యి జేబులోని ఉప్పు కాగితం మీదికి పోయింది.

"మా అబ్బ చేసిండు సార్. దానికేం కాదు" అంది తహ్మీనా. అని తండ్రి వైపు తిరిగి నవ్వింది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు షహబాజ్. అరిస్తే ఆట పోతుంది, అరవకపోతే పిల్ల పోతుంది. లోపల ఏడుపు తన్నుకొస్తుంటే కూతురు నవ్వుకు నవ్వు బదులిచ్చాడు. ఆ నవ్వును ఆమె ఎలా చదువుకుందో ఏమో, ఇంకా గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. ఒకసారి అతను ఉండబట్టలేక కుర్చీలోంచి సగం లేచాడు. చక్రధర్ వేలు చూపించి, "అన్నా, కూసో. ఇంకోసారి లేస్తే పాప ఆటనే పోతది" అన్నాడు. కూర్చున్నాడు.

తహ్మీనా తేలిగ్గా వదిలే పిల్ల కాదు. మెల్లగా కొట్టే బంతులన్నీ ఏరుకొని కొట్టి రెండు ఆటలు లాగింది. గట్టిగా కొట్టవలసి వచ్చిన ప్రతిచోటా పోయింది. చివరి ఆటలో, ఆట ముగించే నల్ల బంతి సంచికి ఎదురుగా, కొంచెం దూరంగా నిలిచింది. గోదాములో కళ్ళు మూసుకొని వేసే బంతి అది. గట్టిగా కొట్టింది. తెల్ల బంతి మళ్ళీ తొలిగింది. మిగిలింది కృపాజ్యోతి నిదానంగా వేసుకుంది.

అందరూ సమోసాల దగ్గరికి పోయాక హాలులో తండ్రీకూతుళ్ళే మిగిలారు. తహ్మీనా ఏడవడం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"అబ్బా, నా చేతుల ఆట లేదు" అంది.

"నీ చెయ్యి కాదు బేటా! టిప్పు. నేనే తప్పు గీకిన. నీది సూటి దెబ్బ, దానికి చదును టిప్పు ఉండాలె. నేను నా లెక్కన చారాణా గీకిన. మొదటి దెబ్బకే నాకు తెలిసింది."

ఆమె జాలిగా చూసింది. "బోధన్ల ఓడినప్పుడు టేబుల్ వంకర ఉన్నదన్నవు. నిజామాబాద్ల టిప్పుకు పూసే చాక్ నిమ్మెక్కిందన్నవు. ఇప్పుడు టిప్పు. గిట్లెన్నిసార్లు అబ్బా? నేను చిన్నపిల్లనా?"

ఆ రెండూ నిజంగానే అతను ఊరడించడానికి కల్పించిన మాటలు. ఇది కాదు. ఇది నిజం. కానీ నిజానికి వేరే గొంతు ఎక్కడి నుంచి తేగలడు? ఉన్నది అదే నోరు.

"చూపిస్త. నువ్వే చూడు" అని స్టిక్కు లాక్కున్నాడు. నల్ల బంతిని, తెల్ల బంతిని చివరి ఆటలో ఉన్నచోట్లే పెట్టాడు. ఆమె కొట్టినట్టే గట్టిగా కొట్టాలనుకొని వంగాడు. ఇన్నేళ్ళ చెయ్యి తన అలవాటు ప్రకారం మెత్తగా తానే కొట్టేసింది. నల్ల బంతి సంచి మధ్యలో పడింది. తెల్ల బంతి ఆగి, తిరిగి, పిలిచినట్టుగా అతని దగ్గరికి వచ్చి నిలిచింది.

గుమ్మంలో సమోసా తింటున్న కృపాజ్యోతి చూసి, "వామ్మో, ఏం స్టిక్కు అంకుల్!" అంది.

షహబాజ్ గాభరాగా బంతులు మళ్ళీ పేర్చి కొట్టాడు. ఈసారి కావాలని తప్పించాడు. అది కావాలని తప్పించిందని తహ్మీనాకు తెలియకుండా ఎలా ఉంటుంది? పొద్దున్నే అతని ఆట చూసి పెరిగిన పిల్ల.

"నువ్వు కొట్టు బేటా. ఒక్కసారి. నాలుగు గీకులు గీకి ఇస్త, ఒక్కటే ఒక్కసారి కొట్టు" అని బతిమాలాడు. జేబులోంచి ఉప్పు కాగితం తీశాడు.

ఆమె అతని చేతిలోంచి స్టిక్కు మెల్లగా తీసుకుంది. మరలు తిప్పి రెండు ముక్కలు చేసింది. స్టిక్కు సంచిలో పెట్టి, జిప్పు లాగి, సంచిని తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ఇది నీకే మంచిగున్నది అబ్బా. నువ్వే ఉంచుకో" అంది. "నడువు, బస్సు పోతది."